తేలిక చెయ్యి

మార్చి నెలాఖరున మా మామ రాజలింగం గడ్డం గీసుకోవడం మానేశాడు.

అది మా ఇంట్లో చిన్న సంగతి కాదు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై ఏళ్లు. అత్త వజ్రమ్మ పోయినప్పటి పది రోజులు తప్ప, ఆయన ముఖం మీద రెండు రోజులకు మించిన గడ్డం నేనెప్పుడూ చూడలేదు. సూరత్‌కు వచ్చి లింబాయత్‌లో మరమగ్గాలు నడిపిన రోజుల్లోనూ అంతే, కోసాడ్ కాలనీలో ఈ మూడో అంతస్తుకు వచ్చాకా అంతే. పొద్దున్నే బాల్కనీలో స్టూలు వేసుకొని, కిటికీ చువ్వకు అద్దం తగిలించి, మడత కత్తితో నున్నగా గీసుకునేవాడు. మంగలి షాపుల్లో సగం బ్లేడు విరిచి పెట్టే కత్తి కాదు అది. నూరుకొని వాడే ఉక్కు కత్తి. పెళ్లి కాకముందు భివండీలో పనిచేసినప్పుడు కొన్నాడట. మామూలు రేజరుతో గీస్తే ఆయనకు వెంట్రుక చర్మంలోకి మొలిచి పొక్కులు లేస్తాయి. ఆ కత్తి ఒక్కటే ఆయన ముఖానికి పడేది.

ఏడాది నుంచి ఆయన చేతులు వణుకుతున్నాయి. దవాఖానలో అది వణుకుడు రోగమని చెప్పి మాత్రలు రాశారు. ఒకరోజు పొద్దున చెవి కింద తువాలు అదుముకుంటూ లోపలికి వచ్చాడు. తువాలు ఎర్రగా ఉంది. కత్తి కడిగి, తుడిచి, మడిచి, అత్త ఫోటో పక్కన గూట్లో పెట్టాడు.

మా ఆయన వరప్రసాద్ ప్లాస్టిక్ రేజరు తెచ్చి ఒక ఆదివారం గీశాడు. రెండో రోజుకు దవడంతా పొక్కులు. రెండు చీము పట్టాయి. కాలనీ గేటు దగ్గర షాపు పెట్టుకున్న మంగలి మహేశ్‌ను పిలిచాం. మనవాడే, నిజామాబాదు దిక్కు. రెండుసార్లు మెట్లెక్కి వచ్చాడు. రెండోసారి సగం గీసి ఆగిపోయాడు.

"కాకా, నీ దవడ ఆగుతలేదు. రేపు ఏమన్న అయితే నాకు మాటొస్తది. ఏమనుకోకు" అని సామాను సర్దుకొని వెళ్లాడు.

ఏప్రిల్ వచ్చేసరికి మామ ముఖం తెల్లటి గడ్డంతో నిండిపోయింది. ఎండకు దాని కింద చెమటకాయలు లేచాయి. అన్నం తింటే మెతుకులు అందులో చిక్కుకునేవి. తీసుకుందామంటే చేతులు వణికి ఇంకా పూసుకునేవాడు. ముందు బాల్కనీలో కూర్చోవడం మానేశాడు. తర్వాత మాతో కలిసి తినడం మానేశాడు. కంచం తీసుకొని గోడ దిక్కు తిరిగి కూర్చునేవాడు. ఆదివారం పూట ఇస్త్రీ చొక్కా వేసుకొని, మనవరాలి చెయ్యి పట్టుకొని డుమస్ బీచికి పోయి టమాటా భజియా తిన్న మనిషి ఆయన. ఇప్పుడు ఎవరైనా వస్తే దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు.

ఆ వీపును చూస్తూ నేను చీరలకు రాళ్లు అంటించేదాన్ని. అది నా పని. మార్కెట్ నుంచి బండి మీద చీరల మూటలు వస్తాయి. గమ్ము పెట్టి రాయి అంటించడం, గమ్ము పెట్టి రాయి అంటించడం. మా ఆయనకు పన్నెండు గంటల షిఫ్టు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. ఇంటికి వస్తే చొక్కా విప్పే ఓపిక కూడా ఉండదు. ఇక మామను పట్టించుకునేది నేనే.

మామకూ నాకూ మాటలు తక్కువ. అన్నం పెట్టాను, మాత్ర వేసుకోండి, నీళ్లు తోడాను. అంతే. దానికి కారణం ఉంది. పదకొండేళ్ల కింద, సిరిసిల్లలో మా నాన్నకు బాగాలేదని తమ్ముడు రవీంద్ర ఫోన్ చేశాడు. అప్పుడు మేము ఎనిమిది మగ్గాలు కిరాయికి తీసుకొని నడిపేవాళ్లం. కండెలు చుట్టేది నేనే. దీపావళి ముందటి గిరాకీ. "నాలుగు దినాలు ఆగి పో. ఈ మాలు పోనీ" అన్నాడు మామ. నేను ఆగాను. మూడో రోజు మా నాన్న పోయాడు. ఆ మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఏప్రిల్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం కంచం తీయడానికి వెళ్లాను. గడ్డంలో పప్పు ఎండిపోయి ఉంది. దాని మీద ఈగ వాలితే కొట్టుకోబోయాడు. చెయ్యి ముఖానికి అందకుండా గాలిలోనే ఊగింది. నేను కంచం కింద పెట్టి, గూట్లోంచి కత్తి తీశాను.

"నేను గీస్త" అన్నాను.

ఆయన గోడతో అన్నట్టుగా, "కోడలువి. నా మొఖం పట్టుకుంటవా" అన్నాడు.

"పొక్కులకు మందు రాసినప్పుడు పట్టుకున్న గద."

"అది వేరు."

"ఏం వేరు లేదు మామా. ఎట్ల చెయ్యాల్నో చెప్పుండ్రి."

షిఫ్టు నుంచి వచ్చాక మా ఆయన విని భయపడ్డాడు. "ఏందే, గొంతు కాడ కత్తి. నీకేం తెలుసు?"

"తెల్వదు. నేర్చుకుంట. నువ్వు చేస్తవా మరి?"

"నాతోని కాదు" అని పడుకున్నాడు.

నేర్చుకునే ఉపాయం మా బిడ్డ సుభాషిణి చెప్పింది. పదహారేళ్లది, ఇక్కడే పుట్టి పెరిగింది. "మమ్మీ, బెలూన్ పే ప్రాక్టీస్ కర్తే హై. ఫోన్‌ల చూసిన" అని బెలూన్ బుగ్గలు గాలి ఊది తెచ్చిపెట్టింది. సబ్బు నురగ పూసి, బుగ్గ పగలకుండా నురగ తీయాలి. మొదటి రోజు మూడు పగిలాయి. ప్రతి చప్పుడుకూ మామ ఉలిక్కిపడేవాడు. మూడోదానికి మాత్రం గోడ దిక్కు నుంచి ఇటు తిరిగాడు.

"గట్ల కాదు. కత్తి పిడికిట్ల పట్టకు. మూడు వేళ్లు మీద, చిటికెన వేలు తోక మీద. తెగిన పోగు పట్టుకున్నట్టు పట్టు."

తెగిన పోగు పట్టుకోవడం నాకు వచ్చు. అట్లా పట్టుకున్నాను. నాలుగో బుగ్గ పగల్లేదు.

గీయడానికి ముందు కత్తిని తోలు మీద సానబట్టాలి. పాత మగ్గానికి ఉండే తోలు పట్టా ఒకటి ఆయన దాచుకున్నాడు. ఒక కొస కిటికీ చువ్వకు కట్టి, రెండో కొస నేను గుంజి పట్టుకోవాలి. "వెన్ను ముంగట పోవాలె, అంచు ఎన్క రావాలె. తిప్పేటప్పుడు వెన్ను మీదనే తిప్పు, అంచు లేపకు. లేపితే తోలు కోస్తవ్" అన్నాడు. రెండు రోజులు తోలు కోశాను. మూడో రోజు కత్తి ఒకే తీరు చప్పుడు చెయ్యడం మొదలుపెట్టింది. మామ కళ్లు మూసుకొని విని తల ఊపాడు. మగ్గం చప్పుడు విని ఎక్కడ ఏం తప్పిందో చెప్పిన చెవి అది.

పొద్దున మాత్ర వేసుకున్న గంటకు ఆయన వణుకు కొంత తగ్గుతుంది. మాకు దొరికేది ఆ ఒక్క గంటే. కుర్చీని గోడకు ఆనించి, తల వెనక దిండు పెట్టాను. వేడినీళ్లలో పిండిన తువాలు ముఖానికి చుట్టి కాసేపు ఉంచాను. గడ్డం మెత్తబడాలి. కత్తెరతో పొడుగు వెంట్రుకలు ముందే తీసేశాను. నురగ పూసి, ఎడమ చేత్తో చెవి పక్క చర్మం పైకి లాగి పట్టుకున్నాను. ఆ ముఖాన్ని అంత దగ్గరగా నేనెన్నడూ చూడలేదు.

"కత్తికి చెంపకు నడుమ ఇంతే సందు" అని ఆయన రెండు వేళ్లు దగ్గరగా పెట్టి చూపించబోయాడు. వేళ్లు ఆగలేదు. చెయ్యి ఒళ్లో పెట్టుకొని, "కత్తి వెన్ను రెండింతల మందం. అంతకన్న ఎక్కువ లేపకు. ఎంటిక వంగినదిక్కే పో. కత్తికి దాని బరువు దానికున్నది. నువ్వు ఎయ్యకు" అన్నాడు.

మొదటి రోజు రెండు చెంపలే గీశాను. ముప్పావుగంట పట్టింది. చర్మం ఎర్రగా కందింది. చెవి తమ్మె కింద చిన్న గీత పడి రక్తం చిమ్మింది. నేను కత్తి కింద పెట్టేసి వంటింట్లోకి పోయి నిలబడ్డాను.

"సంధ్యా" అని పిలిచాడు. "పటిక తడిపి పెట్టు. ఏం గాలే."

పటిక పెట్టాను. మంటకు కళ్లు మూసుకున్నాడు. తర్వాత చేతి వెనక వైపుతో చెంప తడుముకున్నాడు. మగ్గం మీద నుంచి దిగిన బట్ట తానును తడిమి చూసినట్టు చూశాడు.

"ఈడ ఇడిసిపెట్టినవ్. ఈడ రెండుసార్లు గీకినవ్. మంటలేస్తుంది."

మెప్పు కోసం నేను చూడలేదు. ఆయనా మెచ్చుకోలేదు. కానీ ఆ మధ్యాహ్నం కంచం తీసుకొని మా దిక్కు తిరిగి కూర్చున్నాడు. సుభాషిణి చూసి నా మోచెయ్యి గిల్లింది.

వారం పాటు చెంపలే. తర్వాత దవడ. దవడ ఎముక మీద కత్తి ఒంపు వెంట మలగాలి, మలగకపోతే కోస్తుంది. తర్వాత పై పెదవి. ముక్కు కొస పైకెత్తి పట్టుకోవాలి. మామ ముక్కు పట్టుకోవడానికి నాకు రెండు రోజులు సిగ్గేసింది. ఇక మెడ. మెడ మీద వెంట్రుక ఒక్క తీరున ఉండదు. కుడి పక్క కిందికి, ఎడమ పక్క సుడి తిరిగి అడ్డంగా మొలుస్తుంది. వేళ్లతో తడిమి, ఎటు తడిమితే నున్నగా తగులుతుందో అటే పోవాలి. నెల రోజులకు ఆ మెడ నాకు మా ఇంటి మెట్లలాగా తెలిసిపోయింది.

అలసట మాత్రం తగ్గలేదు. పొద్దున నీళ్ల మోటారు నడవకపోతే కింది నుంచి నీళ్లు మొయ్యాలి. వంట, మూటలు, గమ్ము. సాయంత్రానికి వేళ్ల కొసలు రాయిలాగా అయ్యేవి. రోజు విడిచి రోజు ఆ అరగంట కూడా పనే. కానీ ఆ పనిలో తొందర పెట్టేవాళ్లు లేరు. కత్తి చేతిలో ఉన్నంతసేపు ఎవరూ నన్ను పిలిచేవాళ్లు కాదు. మే నెల మొదట్లో ఒకరోజు గీసి, తుడిచి, పటిక రుద్దాక ఆయన చెంప తడుముకొని ఏమీ అనకుండా లేచి బాల్కనీలోకి వెళ్లి కూర్చున్నాడు. మంటలేయలేదని అర్థమైంది.

మే చివర్లో రవీంద్ర ఫోన్ చేశాడు.

"అక్కా, అవ్వ అన్నం ముడ్తలేదు. కిడ్నీలు పోయినయంటుర్రు. నిన్ను అడుగుతుంది."

అవ్వంటే మా అమ్మ, పోశమ్మ. నేను ఫోన్ పెట్టి, కాసేపు మూట ముందు కూర్చొని, మళ్లీ రాళ్లు అంటించడం మొదలుపెట్టాను. మా ఆయనది ఆ వారం రాత్రి షిఫ్టు. రెండు మూటలు రెండు రోజుల్లో ఇవ్వాలి. సుభాషిణి కాలేజీ అడ్మిషన్ పని ఉంది. మామ మాత్రలు రోజుకు నాలుగుసార్లు. ఎవరిని అడగాలో, ఏమని అడగాలో నాకు తెలియలేదు. అడగడం పదకొండేళ్ల కిందనే పోయింది నాకు.

మర్నాడు పొద్దున గడ్డం గీసే రోజు. మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి లోపల నిద్రపోతున్నాడు. నేను తువాలు వేడి చేసి ముఖానికి చుట్టాను. తువాలు కింద నుంచి మామ అడిగాడు.

"నిన్న ఫోన్ ఎవలది?"

"తమ్మునిది. అవ్వకు బాగలేదట."

తువాలు తీశాను. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. నేను నురగ పూసి చెంపలు, దవడ కానిచ్చి, గదమ పైకెత్తి మెడ దగ్గరికి వచ్చాను.

"చెయ్యి బరువైంది" అన్నాడు.

నిజమే. కత్తి మీద నా బరువు పడుతోంది. నాకు తెలియకుండానే పడుతోంది. చెయ్యి తీసి, ఊపిరి పీల్చుకొని, మళ్లీ పెట్టాను. ఎడమ పక్క సుడి దగ్గర చర్మం లాగి పట్టి అడ్డంగా పోతున్నాను.

"ఆ నాలుగు దినాలు నిన్ను ఆపకుంట ఉండాల్సింది" అన్నాడు మామ.

కత్తి ఆయన గొంతు మీదుంది. మాట బయటికి రావడానికి ముందే దాని కదలిక నా వేళ్లకు తెలిసింది. నేను కత్తి ఎత్తలేదు. ఆపాను, అంతే.

"మాలు పోతే ఇంకో మాలు వచ్చేది. తప్పు నాదే."

"కదలకుండ్రి" అన్నాను. "మెడ మీదున్న."

ఆయన ఆగిపోయాడు. మింగబోయిన గుటక కూడా మింగలేదు. నేను సుడి పూర్తి చేశాను. కత్తి తువాలుకు తుడిచాను. కుడి పక్క రెండు గీతలు మిగిలితే అవీ గీశాను. ఎక్కడా తెగలేదు. తడి బట్టతో ముఖం తుడుస్తుంటే ఆయన కళ్ల కింద కూడా తుడిచాను. అక్కడ నురగ లేదు.

పటిక తేవడానికి లేచాను.

"ఇయ్యాల రైలున్నదా" అని అడిగాడు.

"రెండు మూటలున్నయి మామా. ఆయనకు నైటున్నది. మీ మాత్రలు..."

"ఎట్లయితే గట్లయితది. నువ్వు పో." అంటూ లోపలి గది దిక్కు తిరిగాడు. కార్ఖానా రోజుల తర్వాత ఆ గొంతు నేను మళ్లీ అప్పుడే విన్నాను. "వరప్రసాద్, లే. టికెట్ చూడు."

మా ఆయన కళ్లు నులుముకుంటూ వచ్చి నన్నూ, వాళ్ల బాపునూ చూశాడు. "ఏమైంది బాపు?"

"ఏం గాలే. పిల్లను వాళ్లవ్వ దగ్గరికి తోలు. ఇయ్యాలనే."

"మరి నీ గడ్డం?"

"నా గడ్డం సంగతి మీకెందుకు. పెరగనీ."

మూటలు పక్కింటి ఆమెకు అప్పగించాం. రిజర్వేషన్ దొరకలేదు. జనరల్ డబ్బాలో ఎక్కి, తలుపు దగ్గర సంచి మీద కూర్చొని ఒక రాత్రి ఒక పగలు వెళ్లి వరంగల్‌లో దిగాను. అక్కడి నుంచి బస్సులు. సిరిసిల్లలో ఇంటికి చేరేసరికి బాగా పొద్దుపోయింది. అవ్వ మంచంలో ఇంత ముద్దయి పడుకొని ఉంది.

"సంధ్యా, ఎన్ని దినాలుంటవే" అంది.

"నువ్వు పొమ్మన్నదాక ఉంట."

ఆమె నవ్వింది. పదహారు రోజులు ఆమె దగ్గరే ఉన్నాను. తల దువ్వాను, గోళ్లు తీశాను, జావ తాగించాను. పదిహేడో రోజు తెల్లారుతుండగా పోయింది. ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. ఏడ్చాను కానీ, నాన్నప్పుడు ఏడ్చిన ఏడుపు కాదు అది. ఆ ఏడుపులో నా మీద నాకు కోపం లేదు.

దినాలయ్యేదాకా ఉన్నాను. మధ్యలో ఫోన్ చేసినప్పుడల్లా మామ ఎట్లున్నాడని అడిగితే మా ఆయన, "మంచిగున్నడు. నువ్వు ఫికరు చెయ్యకు" అనేవాడు. గడ్డం సంగతి అడిగితే మాట మార్చేవాడు. పెరిగిపోయి ఉంటుందనీ, మళ్లీ గోడ దిక్కు తిరిగి తింటున్నాడనీ అనుకున్నాను. మళ్లీ కత్తెరతో మొదలుపెట్టాలి అనుకుంటూ రైలెక్కాను.

సూరత్‌లో వాన. స్టేషన్ బయట ఆటో కోసం తడుస్తూ అరగంట నిలబడ్డాను. కోసాడ్ చేరి మూడు అంతస్తులు ఎక్కేసరికి ఒళ్లంతా బరువు. తలుపు తెరిచే ఉంది.

బాల్కనీలో వాన జల్లు పడని మూల మామ కుర్చీలో కూర్చొని ఉన్నాడు. ముఖం సగం నురగ. నురగ లేని సగం మీద మూడు చోట్ల పేపర్ ముక్కలు అంటించి ఉన్నాయి. ముక్కల మధ్యలో ఎర్ర చుక్కలు. చెంప మీది జుట్టు అంచు ఒక చెవి దగ్గర పైకీ, ఒక చెవి దగ్గర కిందికీ ఉంది. పక్కన మా ఆయన బనియన్ మీద, చేతిలో కత్తితో, చెమటలు కారుతూ నిలబడి ఉన్నాడు. తండ్రీ కొడుకులు అంత దగ్గరగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. కార్ఖానాలోనైనా, ఇంట్లోనైనా వాళ్లిద్దరి మధ్య ఒక మగ్గం ఉన్నట్టే ఉండేది.

నన్ను చూసి మా ఆయన తేలికపడ్డాడు. "వచ్చినవా. నువ్వెట్ల చేసినవే ఇన్ని దినాలు? నాకైతే పానం పోతుంది. ఇదివరకు ఇట్ల ఏడుసార్లు గీసిన. ఏడుసార్లు కోసిన."

"ఆరుసార్లు" అన్నాడు మామ. "ఒకసారి కోయలే."

నేను సంచి దించి చెయ్యి చాపాను. "ఇటు తే. మిగిలింది నేను సాపు చేస్త."

మా ఆయన కత్తి ఇవ్వబోయాడు. మామ వణుకుతున్న చేతిని లేపి అడ్డం పెట్టాడు.

"వద్దు. వాన్నే చెయ్యనీ. వాని చెయ్యి తిరగాలె."

"రక్తం కారుతుంది మామా."

"కారనీ. నా మొఖమే గద." ఆయన నా తడిసిన చీర దిక్కు, నా కాళ్ల దిక్కు చూశాడు. "అవ్వ దగ్గర ఉన్నవా, పోయేటప్పుడు?"

"ఉన్న."

ఆయన తల ఊపాడు. "పో బిడ్డా. బట్టలు మార్చుకొని పండుకో" అని, తల దిండుకు ఆనించి, కొడుకు కోసం గదమ పైకెత్తాడు.

మా ఆయన నన్ను చూశాడు. చర్మం లాగి పట్టాలని ఆయన వేళ్లకు ఎవరో చెప్పే ఉన్నారు. సరిగ్గానే పట్టుకున్నాడు.

లోపలికి వెళ్లి తల తుడుచుకొని, చాప పరుచుకొని పడుకున్నాను. మూలన కొత్త మూట ఒకటి విప్పకుండా ఉంది. దాని దిక్కు చూడకుండా అటు తిరిగాను. పట్టపగలు నేను పడుకొని ఎన్నేళ్లయిందో. బయట వాన చప్పుడు, దాని కింద కత్తి గరగర, మధ్యలో మామ ఏదో చెప్పడం, మా ఆయన ఊకొట్టడం వినబడుతున్నాయి. ఒకసారి "అబ్బా" అన్నది ఎవరో తెలియలేదు.

నేను లేచేసరికి ఇంట్లో లైట్లు వేసి ఉన్నాయి. అన్నం ఉడికిన వాసన వస్తోంది. ఎవరు వండారో అడగకుండా, ఇంకాసేపు అట్లాగే పడుకున్నాను.